కొరికి వెళ్ళిన రొట్టె

"ప్లగ్గు ఎక్కడ పెట్టావమ్మా?"

హమ్దం ఇలా అడగడం నాలుగోసారి. మొదటి మూడుసార్లూ కాస్త మర్యాదగానే అడిగాడు.

తుర్సునోయ్ పిండి ముద్ద మీంచి తల ఎత్తలేదు. రెండు పిడికిళ్ళతో దాన్ని అదుముతూనే ఉంది. పెరట్లో తందూరు అప్పటికే కాగి ఎర్రబడింది.

"నిన్నేనమ్మా! చెవుల్లోకి గానీ పోయిందా పిండి?"

"పిండి పిసికేటప్పుడు అరవకూడదురా. రొట్టె పొంగదు."

"పొంగకపోతే రేపు ఇంకోటి చేసుకుంటాం. ఇవాళ పోతే నాకు మళ్ళీ రాదు."

వాకిలి మధ్యలో, గేటుకు ఎదురుగా, మూడు చక్రాల బండి నిలబడి ఉంది. ముందు స్కూటరు, వెనక సామాను తొట్టి. సోవియట్ల కాలం నాటిది. మా వైపు దాన్ని అందరూ చీమ అంటారు. కాలితో నొక్కాల్సిన గేరుకూ బ్రేకుకూ చేతితో లాగే కడ్డీలు అతికించి, ఆ చీమను తన చేతికి లొంగదీసుకోవడానికి హమ్దంకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ పక్కన కూచుని పానాలు అందించింది అతని భార్య ఓయ్‌జమోల్.

నిన్న సాయంత్రం కూడా బండి స్టార్టయింది. ఇవాళ పొద్దున తాళం తిప్పితే మూలిగింది, అంతే. ఇంజను మూత తీసి చూస్తే స్పార్కు ప్లగ్గు ఉండాల్సిన చోట బొక్క ఉంది.

"తెల్లారగానే దిష్టికని ఇస్రిక్ ఆకు పొగ వేసి బండి చుట్టూ తిరిగింది ఎవరు? నువ్వేగా!" అన్నాడు హమ్దం చక్రాల కుర్చీని అరుగు దాకా తోసుకొచ్చి. "దిష్టి తీసే వంకతో ప్లగ్గు తీసేశావు."

"దిష్టి తీశాను. ప్లగ్గో గిగ్గో నాకేం తెలుసు?"

"మరి ఎలుక ఎత్తుకుపోయిందా?"

"ఎత్తుకుపోయినా దానికి పుణ్యమే ఉంటుంది," అంది తుర్సునోయ్.

వాకిట్లో ఓ మూల ఓయ్‌జమోల్ అక్రోటు కాయల కుప్ప ముందు కూచుని పచ్చి తొక్కలు ఒలుస్తోంది. తల వంచుకుని, పని తప్ప లోకం పట్టనట్టు ఒలుస్తోంది.

ఈ నెలలో మా ఊళ్ళో చేతులు నల్లగా లేనివాళ్ళు అరుదు. ఆ తొక్క రసం అంటిందంటే ఏ సబ్బుకూ లొంగదు, మంచు పడేదాకా అలాగే ఉంటుంది. ఇంటికొక ఆడమనిషి మాత్రం తొక్క జోలికి పోదు. రొట్టెలు చేసే చేయి తొక్కను ముట్టుకుంటే రొట్టె చేదెక్కుతుందంటారు. ఈ ఇంట్లో ఆ తెల్లచేతులు తుర్సునోయ్‌వి. హమ్దం చేతులు కూడా మూడు ఆకురాలు కాలాలుగా తెల్లగానే ఉన్నాయి. ఇంట్లో కూచుని తొక్క ఒలవనని అతని పంతం. నల్లబడితే అడవిలోనే నల్లబడాలి.

ఇవాళ అతను అడవికి పోవాలి. చెట్టెక్కడానికి కాదు. ఐదు కుటుంబాలు కొండ మీద డేరాలు వేసుకుని కాయలు రాలుస్తున్నాయి. ఆ బస్తాలు కింద రోడ్డు దాకా దించే పని తనకివ్వమని హమ్దం పదిహేను రోజులు వాళ్ళ చుట్టూ తిరిగాడు. మధ్యాహ్నం నమాజు లోపు బండి పైకొస్తే పని నీది, రాకపోతే గుర్రాల సత్తార్‌ది అన్నారు. మాట ఇచ్చి తప్పినవాడికి మా అడవిలో రెండోసారి పని దొరకదు.

"ఇవ్వవన్నమాట," అన్నాడు హమ్దం.

తల్లి పిండిని తిరగేసి మళ్ళీ అదిమింది.

"ఇవ్వవులే. నాకు ముందే తెలుసు. గోడకి ఆ రొట్టె వేలాడుతున్నంతకాలం నీ లెక్కలో నేను ఇంకా ఇంటికే రాలేదు. రానివాణ్ణి మళ్ళీ ఎలా పంపిస్తావు?"

ఆ మాటకు పిండి మీద పిడికిళ్ళు ఆగాయి.

"రొట్టె ఊసు ఎత్తకు," అంది తుర్సునోయ్.

"ఎత్తుతాను."

"ఎత్తకు హమ్దం!"

మాలో దూరం పోయేవాడు కొత్త రొట్టె ఒక్క ముక్క కొరికి ఇంట్లోవాళ్ళ చేతికిచ్చి వెళతాడు. మిగిలింది గుడ్డలో కట్టి మేకుకు తగిలిస్తారు. తిరిగొచ్చి అతనే దాన్ని తినాలి. సైన్యానికి పోయినవాళ్ళ రొట్టెలు ఏళ్ళు వేలాడతాయి. రష్యాకు కూలికి పోయినవాళ్ళవి ఇంకా ఎక్కువకాలం వేలాడతాయి. మూడేళ్ళ కింద ఇలాంటి పొద్దుటే హమ్దం అరచేయంత రొట్టె కొరికి అడవికి పోయాడు. నాలుగోరోజు కొమ్మ విరిగింది. పట్నం ఆసుపత్రిలో రెండు నెలలున్నాక, ఎవరిదో కారు వెనక సీట్లో పడుకుని ఇల్లు చేరాడు. ఆ రోజు రొట్టె ఎవరికి గుర్తుంటుంది? మర్నాడు గుర్తొచ్చి ఓయ్‌జమోల్ మేకు మీంచి తీయబోతే అత్తగారు చేయి పట్టుకుని ఆపింది. "వాడు నడిచి వెళ్ళాడు. నడిచి వచ్చినప్పుడు తింటాడు," అంది.

అప్పట్నుంచీ వారం వారం గుడ్డ మార్చి కడుతూనే ఉంది. తల్లి ప్రేమ అనండి, మొండితనం అనండి, ఆ రెంటికీ తేడా మా ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

గేటు బయట గిట్టల చప్పుడైంది. హమ్దం తమ్ముడు తోహిర్ గుర్రం మీదే లోపలికొచ్చాడు. మోచేతుల దాకా నల్లగా ఉన్నాడు.

"అన్నా! ఇంకా ఇక్కడే ఉన్నావా? అవతల సత్తార్ జీన్లు బిగించేశాడు."

"మధ్యాహ్నం దాకా అన్నారుగా!"

"అన్నారు. వాడు మాత్రం పొద్దున్నుంచీ డేరా డేరాకీ తిరిగి, చీమ కొండెక్కిందా అని అడుగుతున్నాడు. జనం పడీపడీ నవ్వుతున్నారు."

"నువ్వేమన్నావు?"

తోహిర్ గుర్రం జూలు దువ్వాడు. "నేనేమంటాను... నేనూ నవ్వాను."

"నవ్వావా?"

"అందరూ నవ్వుతుంటే ఏడవమంటావా?"

"ఏడవద్దు. మా అన్న వస్తాడు అని ఒక్క మాట అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

తోహిర్ గుర్రం దిగి తల్లి ముందున్న నిన్నటి రొట్టెల బుట్ట చూసుకున్నాడు. డేరాకు రొట్టెలు తీసుకుపోవడానికి వచ్చాడతను. జీను సంచిలో ఒక్కొక్కటే సర్దుకుంటూ, అన్న మొహం చూడకుండా అన్నాడు. "నువ్వు ఇంట్లోనే ఉండు అన్నా. కాయలు తెచ్చి నీ ముందు పోస్తాం, కూచుని పప్పు తియ్యి. ఎండ లేదు, వాన లేదు. నీకేం తక్కువ చేశాం చెప్పు?"

"ఏమీ తక్కువ చెయ్యలేదురా. అదే నా ఖర్మ."

"పోనీ ఇవాళ్టికి గుర్రమెక్కు. నేను వెనక కూచుని పట్టుకుంటాను. నడుముకో తాడు బిగిస్తే పడవు."

"బస్తాలాగా?"

"నేనలా అన్నానా?"

"బస్తాలు దించే పని నాదిరా. నేను బస్తాని కాదు."

తోహిర్‌కు కోపమొచ్చింది. పాతికేళ్ళు నిండకుండానే ఇంటి బరువు నెత్తి మీద పడినవాడు, అతనికీ ఓపిక అంతంత మాత్రమే. "సరే, నీ బండిమీదే రా. ప్లగ్గు దొరికిందనుకో, వాగు ఎలా దాటుతావు? మలుపు దగ్గర దారి సగం వాగులోకి జారిపోయి, గుర్రం పట్టేంతే మిగిలిందిగా!"

హమ్దంకు అర్థం కాలేదు. "ఏ దారి?"

"మొన్నటి వానకు. వదిన చెప్పలేదా? కాయలు దించేటప్పుడు ఆ వానలోనే తనూ నేనూ వేర్లు పట్టుకుని దాటాం."

తొక్కలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

హమ్దం భార్య వైపు తిరిగాడు. ఆమె చేతిలో ఒలిచిన కాయ ఒకటి ఉంది. దాన్ని ఏ కుప్పలో వేయాలో తెలియనట్టు పట్టుకుని కూచుంది.

"మొన్ననా?"

"మర్చిపోయాను," అంది ఓయ్‌జమోల్.

దారి తెగిన సంగతి ఎవరైనా మర్చిపోతారా! తోహిర్ మొహం తేలు కుట్టిన దొంగలా అయింది. సంచి బిగించి గబగబా గుర్రమెక్కాడు. "నమాజు దాకా సత్తార్‌ని మాటల్లో పెడతాను. ఆ తర్వాత నా చేతుల్లో లేదన్నా," అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

వాకిట్లో ముగ్గురు మిగిలారు. తుర్సునోయ్ ముద్దలు చేసి గుడ్డ కప్పింది. ఓయ్‌జమోల్ మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది, ఈసారి మరీ తొందరగా.

హమ్దం చక్రాల కుర్చీలోంచి అరుగు మీదికి జారి, చేతుల మీద పాక్కుంటూ పెద్దగదిలోకి వెళ్ళాడు. పరుపులు దొంతరగా పేర్చిన పెట్టె ముందు ఆగి, ఒక్కో పరుపూ లాగి కింద పడేశాడు. అమ్మ ఏది దాచినా ఆ పరుపుల మధ్యే దాస్తుంది. చిన్నప్పుడు బెల్లం దాచింది, పెద్దయ్యాక అతని పాస్‌పోర్టు దాచింది. ఆరు పరుపులు, నాలుగు దిళ్ళు, మడతపెట్టిన పెళ్ళి దుప్పటి. ప్లగ్గు లేదు. పెట్టె మూత తీసి చేయి పెట్టి కెలికాడు. అక్కడా లేదు.

రొప్పుతూ పరుపుల మధ్యే వెల్లకిలా పడిపోయాడు. ఏడుపొచ్చింది. వేలెడంత ఇనుప ముక్క! కాళ్ళున్నవాడైతే పక్కింటికి పరిగెత్తి ఇంకోటి తెచ్చుకునేవాడు, లేదా కొండ దాకా నడిచే పోయేవాడు. తనకు మాత్రం ప్రతిదీ ఎవరో ఒకరు చేతికందించాలి. అందించే చేయి వద్దనుకుంటే అక్కడికి సరి.

అలా పడుకుని పైకి చూస్తుంటే గోడ మేకు కనబడింది. మేకుకు రొట్టె మూట. నిన్ననే అమ్మ ఉతికిన గుడ్డ మార్చి కట్టింది, తెల్లగా మెరుస్తోంది. మూట అడుగున మాత్రం నాలుగు నల్ల మచ్చలున్నాయి. నిలబడినవాళ్ళకు కనిపించవు. నేల మీద ఉన్నవాడికే కనిపిస్తాయి.

అవి వేళ్ళ గుర్తులు.

అతను చాలాసేపు వాటినే చూశాడు. ఈ గుడ్డ కట్టిన చేతులు నల్లనివి కావు. తోహిర్ మొన్నటి నుంచీ కొండ మీదే ఉన్నాడు. ఇక ఇంట్లో మిగిలిన నల్లచేతులు ఎవరివో వెతుక్కోనక్కర్లేదు.

తలుపు వెనక గోడకు ఆనించి కాయలు రాల్చే పొడుగు కర్ర ఉంది. హమ్దందే. మూడేళ్ళుగా దాన్ని ఎవరూ కదిలించలేదు. పాక్కుంటూ వెళ్ళి దాన్ని అందుకుని, గోడకు వీపు ఆనించి కూచుని, కర్ర కొసను మేకు వైపు ఎత్తాడు.

అలికిడికి తుర్సునోయ్ గుమ్మంలోకొచ్చింది. "ఒరే ఒరే! ఏం చేస్తున్నావురా? రొట్టె నేల పడితే పాపం!"

"పడదు."

"హమ్దం, నా మాట విను..."

"నేను పడ్డాను గానీ అమ్మా, నా కర్ర ఎప్పుడూ గురి తప్పలేదు."

కర్ర కొస మూట ముడిలో దూరింది. పైకెత్తి, పక్కకు తిప్పి, ఒక్క కుదుపు కుదిపాడు. మూట సరిగ్గా అతని ఒళ్ళో పడింది. ముడి విప్పితే రాయిలా ఎండిన చిన్న రొట్టె, దాని పక్కనుంచి జారి నేల మీద టింగుమంటూ ప్లగ్గు.

అతను ప్లగ్గు తీసుకోలేదు. తల్లి చేతుల వైపు చూశాడు. గోళ్ళ సందుల్లో కూడా పిండి తప్ప ఏమీ లేదు.

"పొద్దున్నుంచీ నిన్ను అన్నాను," అన్నాడు.

"అన్నావులే. తల్లిని కాకపోతే ఎవర్నంటావు?"

"నీకు ముందే తెలుసు."

"తెల్లారి నమాజులో కూచున్నప్పుడు ఆ మచ్చలు చూశాను."

"మరి నోరెత్తి చెప్పవేం?"

తుర్సునోయ్ గుమ్మం దగ్గరే చతికిలబడింది. "నామీద కోపం సాయంత్రం టీ దగ్గర పోతుంది. దానిమీద వస్తే ఎక్కడికి పోతుందిరా? మీ ఇద్దరూ పడుకునేది ఒకే పరుపు మీద."

ఆమె వెనక ఓయ్‌జమోల్ వచ్చి నిలబడింది. చేతులు కొంగులో దాచుకోలేదు.

"అత్తయ్యని ఏమీ అనకండి. తీసింది నేనే."

"తెలుసు."

"ఎందుకని అడగరా?"

"అడగను. ఎనిమిది నెలలు పానాలు అందించావు. చివరికి ఆ పానాతోనే విప్పావు. ఇంకేం అడగను?"

"అందించాను," అంది ఆమె. గొంతు పెరిగింది. "ఆ తుక్కుబండి ఎప్పటికీ నడవదనుకుని అందించాను! చేతిలో ఏదో పని ఉంటే మనిషి కుదురుగా ఉంటాడని అందించాను. అది స్టార్టయి వీధి చివరిదాకా పోయిన రోజు ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను మాత్రం లోపలికొచ్చి తలుపేసుకున్నాను."

హమ్దం మొహం పాలిపోయింది. ఆమెకు కూడా తెలిసినట్టుంది ఆ మాట అనకూడనిదని. కానీ నోరు దాటింది.

"మీరు కొమ్మ మీద ఉన్నారు, చెట్టు కింద ఉన్నది నేను," అంది మళ్ళీ. "పైన ఏదో విరిగింది. కాయలు రాలుతున్నాయనుకుని తల మీద గుడ్డ కప్పుకున్నాను. గుడ్డ తీసి చూస్తే మీరు. మళ్ళీ నన్ను అక్కడ నిలబెట్టాలని చూస్తున్నారు."

"పడింది నేను," అన్నాడు హమ్దం. నెమ్మదిగానే అన్నాడు, అదే భయంగా ఉంది. "మూడేళ్ళుగా భయపడుతున్నది మీరు. అరుగు దిగడం నేర్చుకున్నాను, కుర్చీ ఎక్కడం నేర్చుకున్నాను, ఒంటిచేత్తో బండిలోకి ఎక్కుతున్నాను. మీ భయం మాత్రం ఎక్కలేకపోతున్నాను. ఎప్పుడు గేటు దాకా పోయినా అది అడ్డంగా నిలబడి ఉంటుంది."

"దారి నిజంగానే తెగిందండీ!"

"అయితే మొన్ననే చెప్పాలి! నేనే ఆలోచించుకునేవాణ్ణి, పోవాలా మానాలా అని. ఐదు డేరాలకీ కబురు పెట్టి రాళ్ళు పరిపించేవాణ్ణి. మనుషులున్నారు, రెండు రోజుల టైముంది. ప్లగ్గుదేముంది, దొరికింది. ఆ రెండు రోజులు ఎక్కడ దాచావు? అవి తీసివ్వు."

ఓయ్‌జమోల్ తన నల్లటి అరచేతుల్లోకి చూసుకుంది. గుమ్మంలో కూచున్న ముసలామె ఇద్దరి మొహాలూ చూసి, నేల చూసింది.

హమ్దం ఒళ్ళోని రొట్టెను చేతిలోకి తీసుకున్నాడు. ఒక పక్క అర్ధచంద్రంలా కొరికిన చోట పళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

"అమ్మా, టీ తీసుకురా."

"ఎవరికి?"

"వచ్చినవాడికి."

తుర్సునోయ్‌కి అర్థమైంది. తల అడ్డంగా ఊపింది. "వద్దురా. నడిచి వచ్చినప్పుడు..."

"నువ్వు చూసేవాడు ఇక రాడమ్మా." "ఎన్ని గుడ్డలు మార్చినా రాడు. నేనొచ్చాను. మూడేళ్ళ కిందే వచ్చాను, కారు వెనక సీట్లో పడుకుని. అప్పట్నుంచీ ఈ గదిలో ఆ రొట్టె కిందే పడుకుంటున్నాను. ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నావు. నేను ఎవర్నమ్మా మరి?"

ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత గోడ పట్టుకుని లేచి, సమోవార్ దగ్గరికెళ్ళి గిన్నె నిండా వేడి టీ తెచ్చి కొడుకు ముందు పెట్టింది. తనే రొట్టెను రెండు చేతులా అందుకుని, "బిస్మిల్లా" అని టీలో ముంచింది.

అది నానడానికి చాలాసేపు పట్టింది. మెత్తబడిన చోటల్లా చిదిపి అతని చేతికిచ్చింది. రొట్టె దుమ్ము వాసన, పొగ వాసన వేస్తోంది. గొంతు దిగడం లేదు. అయినా చివరి తునక దాకా నమిలి మింగాడు. గిన్నె అడుగున మిగిలిన ముక్కల్ని వేలితో తుడిచి నోట్లో పెట్టుకున్నాడు. ఆమె కళ్ళొత్తుకుని, ఖాళీ గుడ్డ మడతపెట్టింది.

"వచ్చావా నాయనా," అంది.

"వచ్చానమ్మా. ఇప్పుడు పోవాలి."

ప్లగ్గు బిగించడానికి అతనికెవరూ పానా అందించలేదు. అతను అడగనూ లేదు. ప్లగ్గు నోట కరుచుకుని పాక్కుంటూ వచ్చి, కుర్చీలోంచి బండిలోకి ఎక్కి, వంగి తనే బిగించుకున్నాడు. తాళం తిప్పగానే చీమ దగ్గింది, ఉమ్మింది, పొగ కక్కింది. తర్వాత అందుకుంది. కోళ్ళు చెదిరిపోయాయి.

తుర్సునోయ్ తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టె పట్టుకొచ్చింది. పిండి పొంగదని భయపడింది గానీ, పొంగింది. హమ్దం ఒక్క ముక్క కొరికి తల్లి చేతికిచ్చేశాడు.

గేటుకు అడ్డంగా ఓయ్‌జమోల్ నిలబడి ఉంది. నల్లటి చేయి గడియ మీద ఉంది.

"తియ్యి."

"తియ్యను. ఆ మలుపు మీరు చూడలేదు. నేను చూశాను."

"అయితే చూపించు. వెనక ఎక్కు."

ఆమె గడియ వదల్లేదు.

"దాటలేని చోటైతే నా కళ్ళతో చూసి, నేనే వెనక్కి తిప్పుతాను. వద్దు అనే మాట నా నోట రావాలి. నీ నోట కాదు, అమ్మ నోట కాదు, ఆ సత్తార్ గాడి నోట అసలే కాదు."

"తిప్పుతారా నిజంగా?"

"చూడాలిగా."

"మీ పంతం నాకు తెలీదా!"

"నీ భయం నాకు తెలీదా! ఎక్కుతావా, గేటు మీదుగా పొమ్మంటావా?"

ఓయ్‌జమోల్ గడియ లాగింది. గేటు రెక్కలు రెండూ బార్లా తెరిచి, విసవిసా అత్తగారి దగ్గరికొచ్చి ఆమె చేతిలోని రొట్టె లాక్కుని, హమ్దం కొరికిన చోటుకు ఎదురుపక్క ఒక్క ముక్క కొరికింది. తెల్లటి రొట్టె మీద నాలుగు నల్ల వేళ్ళు పడ్డాయి. నెలంతా ఆ మరక రొట్టెకు అంటకుండా కాచుకున్న ముసలామె దాన్ని అలాగే రెండు చేతులా వెనక్కి అందుకుంది.

"మిమ్మల్ని నమ్మి రావడం లేదు," అంది ఓయ్‌జమోల్ తొట్టిలోకి ఎక్కి అంచు పట్టుకుంటూ.

"నిన్ను నమ్మి ఎక్కించుకోవడం లేదు," అన్నాడు హమ్దం. కడ్డీ లాగాడు.

చీమ గేటు దాటింది.

తుర్సునోయ్ వాకిట్లోనే నిలబడి విన్నది. ఆ బండి చప్పుడు చెవిటివాళ్ళకు కూడా వినబడుతుంది. మసీదు వీధి దాటింది. తిరగలి మిల్లు దగ్గర ఎవరో ఏదో అరిచారు, బండి ఆగలేదు. తర్వాత ఎత్తు మొదలైంది. ఇంజను గొంతు బరువెక్కి, ఒక్కో మలుపుకూ ఒక్కోసారి నీరసించి మళ్ళీ అందుకుంటోంది. మొదటి మలుపు. రెండో మలుపు. మూడోది వాగు దగ్గర.

అక్కడ చప్పుడు ఆగిపోయింది.

వెనక్కి తిప్పితే మళ్ళీ మోగాలి. ముందుకు పోయినా మోగాలి. ఏదో ఒకటి మోగాలి కదా!

అంతలో మసీదు మైకు కరకరమంది. మధ్యాహ్నం నమాజు పిలుపు ఊరంతా నిండి, కొండకు తగిలి తిరిగొచ్చింది. దాని కింద ఇంక ఏ చప్పుడూ వినబడలేదు. రెండు పక్కలా కొరికిన వేడి రొట్టె చేతిలో పట్టుకుని, తుర్సునోయ్ తెరిచిన గేటు మధ్యలోకి నడిచింది. పిలుపు ముగిసేదాకా అక్కడే నిలబడింది. పిలుపు ముగిసింది. కొండ మీద నుంచి ఏమీ వినబడలేదు. ఆమె ఆ రొట్టెను గుడ్డలో కట్టలేదు, మేకుకు తగిలించలేదు. కొంగులో పెట్టుకుని వాగు దారి పట్టింది.